మా సీమలో మొదటి రైఫిల్: జేజినాయన లైసెన్సు తుపాకి నుంచి పాప గాలి రైఫిల్ దాకా

ఈరోజు ఎపిసోడ్‌కి కారణం ఒక ఫోన్ కాల్. సంక్రాంతి దాటినాక కళ్యాణదుర్గం పక్క ఊరినుంచి మా బావ ఫోన్ చేశాడు.

"ఏం బామ్మర్దీ, పాప రైఫిల్ షూటింగ్ నేర్చుకుంటాదంట. ఎవరో పాయింట్ టూ టూ కొనమంటాండారు. నువ్వు బెంగళూరులో ఉండావు కదా, రేటెంతో కనుక్కో."

నేను జవాబు చెప్పేలోపే వెనకనుంచి మా అమ్మ గొంతు వినిపించింది. "తుపాకి ఈ ఇంటికి రాకూడదు. నేనుండగా రాకూడదు." అంతే, ఫోన్ కట్.

పాప అంటే మా అక్క కూతురు. తొమ్మిదో తరగతి. ఒలింపిక్స్ వీడియోలు చూసి చూసి పట్టు పట్టింది. ఇంట్లో ఆ ఏడు శెనక్కాయ డబ్బులు కాస్త ఉన్నాయి. అంతకుముందు రెండేళ్లు పెట్టిన విత్తనం కూడా తిరిగి రాలేదు. కాబట్టి ఇది సరదా డబ్బు కాదు. తప్పు రైఫిల్ కొంటే డబ్బూ పోతుంది, పిల్ల ఉత్సాహమూ పోతుంది. ఇంకా పెద్ద విషయం, మా అమ్మ భయం. అది ఉత్తుత్తి భయం కాదని నాకు తెలుసు.

అందుకే ఈరోజు రెండు ప్రశ్నలు. ఒకటి, కొత్తగా నేర్చుకునేవాళ్లు మొదట ఏ రైఫిల్ తీసుకోవాలి? రెండు, మా అనంతపురంలో "తుపాకి" అనే మాట ఎందుకింత బరువు? మొదటిదానికి సరైన జవాబు రెండోదానిలోనే ఉంది. అందుకే కొంచెం వెనక్కి వెళ్దాం.

1800లో హైదరాబాద్ నిజాం ఇప్పటి రాయలసీమ, బళ్లారి ప్రాంతాలను ఈస్టిండియా కంపెనీకి రాసిచ్చాడు. వీటినే దత్త మండలాలు అన్నారు. "రాయలసీమ" అనే పేరు 1928లో నంద్యాల సభ తర్వాత వచ్చింది. కంపెనీ ఇక్కడికి ప్రిన్సిపల్ కలెక్టర్‌గా థామస్ మన్రోని పంపింది. ఆయన వచ్చేసరికి ఇక్కడ ఎనభై మంది దాకా పాలెగాళ్లు ఉన్నారు. ఒక్కొక్కరికీ ఒక కోట, కొన్ని ఊళ్లు, కొంత మంది బంట్లు. ఆ బంట్ల చేతుల్లో కత్తులు, బల్లేలు, వత్తి ముట్టించి పేల్చే తుపాకులు.

మన్రో చేసిన మొదటి పెద్ద పని పన్ను లెక్క కాదు. ఆయుధాలు దించడం. కంపెనీ సైన్యాన్ని తెప్పించి కోటలు పట్టుకున్నాడు. ఎదురు తిరిగినవాళ్లను తరిమాడు. లొంగినవాళ్లకు పింఛన్లు ఇచ్చి కూర్చోబెట్టాడు. బంట్లు ఇంటికి పోయి నాగలి పట్టుకున్నారు. 1827లో మన్రో పత్తికొండలో కలరాతో చనిపోతే మొదట సమాధి చేసింది మా గుత్తిలోనే. ఇప్పటికీ మా వైపు పెద్దవాళ్లు "మన్రోలయ్య" అంటారు. మంచి కలెక్టర్ అని చెప్పుకుంటారు. కానీ సీమలో ఊరి మనిషి చేతిలోంచి తుపాకి తీసుకునే పని మొదలైంది ఆయన కాలంలోనే. రెండూ నిజమే.

ఆ పింఛన్ల గొడవే తర్వాత పేలింది. 1846లో కోవెలకుంట్ల దగ్గర ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరగబడ్డాడు. 1847 ఫిబ్రవరిలో ఆయన్ని ఉరి తీశారు. పదేళ్లకే 1857 తిరుగుబాటు. అప్పటినుంచి చట్టాలు బిగిసాయి. చివరికి 1878లో, లిట్టన్ వైస్రాయ్‌గా ఉండగా, ఆయుధాల చట్టం వచ్చింది. భారతీయుడు తుపాకి పెట్టుకోవాలంటే లైసెన్సు కావాలి. యూరోపియన్‌కి అక్కర్లేదు. పక్కనే కొడగులో కొడవలకు మినహాయింపు ఇచ్చారు, అది ఇప్పటికీ నడుస్తోంది. మనకు మాత్రం లేదు.

ఇప్పుడు అసలు తమాషా చూడండి. సరిగ్గా ఆ కాలంలోనే మా బావ అడిగిన "పాయింట్ టూ టూ" పుట్టింది.

1845లో పారిస్‌లో ఫ్లోబెర్ అనే ఆయన చాలా చిన్న తూటా ఒకటి తయారు చేశాడు. ఇంట్లో హాల్లో నిలబడి గురి చూసి కొట్టే ఆట కోసం. దాన్నుంచి పెరిగి పెరిగి 1887లో అమెరికాలో స్టీవెన్స్ కంపెనీ "పాయింట్ టూ టూ లాంగ్ రైఫిల్" తూటా తెచ్చింది. అంగుళంలో వందకి ఇరవై రెండు వంతులు, అంటే సుమారు 5.6 మిల్లీమీటర్లు. చిన్న శబ్దం, చిన్న తన్ను, తక్కువ ఖర్చు. ఒలింపిక్స్ 50 మీటర్ల రైఫిల్ పోటీలో ఇప్పటికీ అదే తూటా.

1899లో దక్షిణాఫ్రికాలో బోయర్ యుద్ధం మొదలైంది. బోయర్లు అంటే రైతులు. గుర్రమెక్కి, గురి చూసి కొట్టే రైతులు. వాళ్ల చేతిలో బ్రిటిష్ సైన్యం మొదట్లో చావు దెబ్బలు తినింది. ఇంగ్లండ్‌కి అర్థమైంది, మనవాళ్లకి గురి రాదని. 1901 నుంచి లార్డ్ రాబర్ట్స్ లాంటివాళ్లు ఊరూరా చిన్న రైఫిల్ క్లబ్బులు పెట్టించారు. గుమాస్తాలు, కార్మికులు సాయంత్రం పూట పాయింట్ టూ టూతో గురి నేర్చుకున్నారు.

అంటే రైతుల చేతిలో ఓడిపోయి, తమ ఊళ్లలో మామూలు జనానికి రైఫిల్ నేర్పించారు. మన రైతుకి మాత్రం లైసెన్సు తాళం వేశారు. గుంతకల్లు మీదుగా నడిచిన మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వేకి సొంతంగా రైఫిల్ దళం ఉండేది. అది యూరోపియన్, ఆంగ్లో ఇండియన్ ఉద్యోగులది. అదే రైల్వేలో పట్టాలు మోసిన మనవాళ్లకు అందులో చోటు లేదు. 1931 కరాచీ కాంగ్రెస్ తీర్మానంలో, ప్రాథమిక హక్కుల జాబితాలో, నియమాలకు లోబడి ఆయుధం ఉంచుకునే హక్కు కూడా చేర్చారంటే, ఆ మంట ఎంతుండేదో ఊహించండి.

స్వతంత్రం వచ్చాక రెండు దారులు తెరుచుకున్నాయి. 1948లో ఎన్‌సీసీ వచ్చింది. 1951లో నేషనల్ రైఫిల్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా మొదలైంది. దాని మొదటి అధ్యక్షుడు లోక్‌సభ మొదటి స్పీకర్ మావలంకర్. ఈరోజుకీ జాతీయ పోటీలకు వెళ్లే దారిలో ఆయన పేరుతో ఒక ఛాంపియన్‌షిప్ ఉంది. ఇక 1959లో పాత చట్టం పోయి కొత్త ఆయుధాల చట్టం వచ్చింది. అందులో జాతి తేడా లేదు. కానీ లైసెన్సు ఉంది.

నేను మొదటిసారి రైఫిల్ పట్టుకుంది కూడా ఎన్‌సీసీలోనే. అనంతపురంలో డిగ్రీ చదివేటప్పుడు. అదే పాయింట్ టూ టూ. ఐదు తూటాలు ఇచ్చారు. పడుకుని కొట్టాలి. భుజానికి సరిగ్గా ఆనలేదు, నాకు ఆ కట్ట పొడుగైంది. మెడ సాచి, కన్ను మూసి, లాగేశాను. ఐదులో మూడు అసలు కాగితానికే తగల్లేదు. "నాకు గురి రాదు" అనుకుని మళ్లీ ఆ జోలికి పోలేదు. చాలా ఏళ్ల తర్వాత తెలిసింది, తప్పు నా కంటిది కాదు, నా ఒంటికి సరిపోని రైఫిల్‌ది అని. ఈ ముక్క గుర్తు పెట్టుకోండి, మళ్లీ వస్తాం.

ఇక మా ఇంటి కథ. మా జేజినాయనకి ఒక లైసెన్సు తుపాకి ఉండేది. ఒంటి గొట్టం. పంట కాపలాకి. అడవి పందులు శెనక్కాయ చేన్లో పడితే ఒక రాత్రిలో సగం చేను తవ్వేస్తాయి. గాల్లోకి ఒక్క దెబ్బ కొడితే చాలు, పోయేవి. ఎన్నికలు వచ్చినప్పుడల్లా లైసెన్సు తుపాకులు స్టేషన్‌లో అప్పజెప్పాలి కదా. జేజినాయన తుపాకిని గోనెసంచిలో చుట్టి, సైకిల్‌కి కట్టుకుని పోయేవాడు. ఎన్నికలయ్యాక తెచ్చుకునేవాడు.

ఒక ఎన్నిక తర్వాత తెచ్చుకోలేదు. లైసెన్సు కూడా వదిలేశాడు. నేను చిన్నోణ్ని, ఎందుకని అడిగితే ఒకటే మాట అన్నాడు: "ఇంట్లో తుపాకి ఉంటే ఊర్లో ఏదో ఒక పక్క నిలబడాల్సొస్తాది రా."

అప్పట్లో మా ఊర్లో రెండు వర్గాలు. ఒక రాత్రి ఒక వర్గం వాళ్లు ఇంటికొచ్చి "తుపాకి తీసుకుని రా, నిలబడు చాలు" అన్నారంట. జేజినాయన పోలేదు. అయితే ఆ రాత్రంతా మా అమ్మ, కొత్త కోడలు, తలుపు వెనక గడియకి అడ్డం కూర్చునింది. ఫోన్‌లో "తుపాకి ఈ ఇంటికి రాకూడదు" అనింది ఆ అమ్మాయే. ఫ్యాక్షన్ సినిమాల్లో సుమోలు ఎగరడం చూసి మీరు విజిల్ వేస్తారు. మా ఇంట్లో దాని జ్ఞాపకం ఒక తలుపు గడియ.

సరే, ఇప్పుడు పాప రైఫిల్‌కి వద్దాం. దానికి చరిత్ర ఇంకో ముక్క కావాలి. అది జర్మనీలో ఉంది.

రెండో ప్రపంచ యుద్ధంలో ఓడిపోయాక జర్మనీలో తుపాకుల తయారీని గెలిచిన దేశాలు ఆపేశాయి. తరతరాలుగా తుపాకులు చేసిన కంపెనీలు, పనివాళ్లు ఏం చేయాలి? 1950ల మొదట్లో మెల్లగా అనుమతులు రావడం మొదలైనప్పుడు వాళ్లు గాలి తుపాకులతో మళ్లీ ప్రారంభించారు. మందుగుండు లేదు, గాలి ఒత్తిడితో చిన్న సీసం గుళ్లు. కానీ చేసింది పాత పనివాళ్లు కదా, ఆ నాణ్యత ఎక్కడికి పోతుంది? అన్షుట్జ్, వాల్తర్, ఫైన్‌వెర్క్‌బావ్. ఈరోజు ప్రపంచ పోటీల్లో కనిపించే పేర్లు ఇవే. 1966లో వీస్‌బాడెన్ ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో పది మీటర్ల ఎయిర్ రైఫిల్ చేరింది. 1984 లాస్ ఏంజెలిస్‌లో ఒలింపిక్స్‌కి వచ్చింది.

2008లో అభినవ్ బింద్రా భారత్‌కి మొదటి వ్యక్తిగత ఒలింపిక్ స్వర్ణం తెచ్చింది ఈ ఆటలోనే. మన హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2003లో హైదరాబాద్‌లోనే జరిగిన ఆఫ్రో ఏషియన్ గేమ్స్‌లో స్వర్ణం కొట్టింది, 2012 లండన్‌లో కాంస్యం తెచ్చింది కూడా ఇందులోనే. వినికిడి లేని హైదరాబాద్ కుర్రాడు ధనుష్ శ్రీకాంత్ 2022లో బ్రెజిల్‌లో జరిగిన డెఫ్లింపిక్స్‌లో స్వర్ణం గెలిచింది కూడా ఎయిర్ రైఫిల్‌లోనే.

చూశారా? ఆయుధం లాగేసుకున్న చోట ఈ ఆట పెరిగింది. నేను బావకి చెప్పింది కూడా అదే: పాయింట్ టూ టూ వద్దు, గాలి రైఫిల్‌తో మొదలుపెడదాం.

"గాలి తుపాకీనా? అది పిట్టల్ని కొట్టేది కదప్పా" అన్నాడు బావ. అందరూ అలాగే అనుకుంటారు. అందుకే కారణాలు ఒక్కొక్కటిగా చెప్తాను, మీకూ పనికొస్తాయి.

మొదటిది చట్టం. 2016 ఆయుధాల నియమాల ప్రకారం 4.5 మిల్లీమీటర్ల గొట్టం, 20 జౌళ్లు దాటని శక్తి ఉన్న ఎయిర్ రైఫిల్‌కి లైసెన్సు అవసరం లేదు. గుర్తింపు కార్డు ఇచ్చి కొనాలి, బిల్లు జాగ్రత్తగా పెట్టుకోవాలి. పాయింట్ టూ టూ అలా కాదు. అది ఫైర్ ఆర్మ్. లైసెన్సు కావాలి, దానికి 21 ఏళ్లు నిండాలి. 12 ఏళ్లు దాటిన పిల్లలు శిక్షణలో, పెద్దల పర్యవేక్షణలో వాడొచ్చు గానీ సొంతంగా ఇంట్లో పెట్టుకునేది కాదు. పద్నాలుగేళ్ల పిల్లకి పాయింట్ టూ టూ కొనమని చెప్పినవాళ్లు ఈ ముక్క చెప్పలేదు.

రెండోది నేల. మా వైపు నేల చదును. కొండ అడ్డం లేకపోతే చూపు ఎంత దూరమైనా పోతుంది. పాయింట్ టూ టూ తూటా గురి తప్పితే కిలోమీటరు దాటి పోతుంది. ఆ దూరంలో ఏ గొర్రెల కాపరో ఉంటాడు. దానికి పక్కా రేంజ్, వెనక మట్టి కట్ట ఉండాలి. గాలి రైఫిల్‌కి పది మీటర్లు చాలు. పోటీ రైఫిల్ శక్తి ఏడున్నర జౌళ్ల దరిదాపు. పొడుగాటి వసారా, వెనక గోడ, ముందు గుండు పట్టే ఇనుప పెట్టె ఉంటే సాధన మొదలైనట్టే. అయినా అది బొమ్మ కాదు. కన్ను పోగొడుతుంది. కళ్లద్దాలు లేకుండా వద్దు, మనిషి వైపు ఎప్పుడూ చూపించొద్దు.

మూడోది ఖర్చు. పాయింట్ టూ టూలో ప్రతి దెబ్బకీ ఒక తూటా, అది దొరకడమే ఒక పని. గాలి రైఫిల్ గుళ్లు డబ్బాలో ఐదొందలు వస్తాయి. ఇంకా చెప్పాలంటే, సాధనలో చాలా భాగం గుండు లేకుండానే. నిలబడటం, ఊపిరి, ట్రిగ్గర్ నొక్కడం. ఒలింపిక్ ఆటగాళ్లు కూడా అదే చేస్తారు.

మరి ఏ గాలి రైఫిల్? ఇక్కడ రెండు రకాలు. గొట్టం విరిచి స్ప్రింగ్ బిగించేది ఒకటి. చవక, కానీ పేలేటప్పుడు స్ప్రింగ్ ముందుకూ వెనక్కీ కుదుపుతుంది. గుండు గొట్టంలో ఉండగానే రైఫిల్ కదిలిపోతుంది. కొత్తవాళ్లు తమ తప్పేదో స్ప్రింగ్ తప్పేదో తేల్చుకోలేరు. రెండోది ముందే గాలి నింపుకునే సిలిండర్ రకం, పీసీపీ అంటారు. కుదుపు దాదాపు ఉండదు. పోటీల్లో అందరిదీ ఇదే. జర్మన్‌వి అయితే లక్షల్లో. మన దేశంలో తయారయ్యే నేర్చుకునే మోడళ్లు దానికంటే చాలా తక్కువ. కానీ ఒక ప్రశ్న తప్పక అడగండి: గాలి ఎక్కడ నింపించుకుంటారు? సిలిండర్‌లో రెండొందల బార్ దాకా ఒత్తిడి ఉంటుంది. సైకిల్ షాపులో కాదు. దానికని చేసిన చేతి పంపు కొనాలి, లేదా నింపే క్లబ్ దగ్గర్లో ఉండాలి. మా ఊళ్లో బోరు వేసేటప్పుడు మోటారు రేటు ఒక్కటే చూసి, కరెంటు లైను ఎంత దూరమో మర్చిపోయినవాళ్లు ఎందరో. ఇదీ అంతే.

తర్వాత కొలత. చొక్కా కొలిచినట్టు కొలవాలి. మడమ నుంచి ట్రిగ్గర్ దాకా పొడుగు, చెంప ఆనే చెక్క ఎత్తు మార్చుకునే వీలుండాలి. పెరిగే పిల్లలకైతే ఇది మరీ ముఖ్యం. పది మీటర్ల పోటీలో రైఫిల్ ఐదున్నర కిలోలు దాటకూడదు, కానీ పద్నాలుగేళ్ల పిల్లకి అంత బరువెందుకు? నాకు ఎన్‌సీసీలో జరిగింది ఇదే. పైన దుర్భిణి వద్దు, పోటీల్లో ఒప్పుకోరు. చిన్న రంధ్రంలోంచి చూసే పీప్ సైట్ ఉండాలి. గుళ్లు మొన తిరిగినవి కాదు, ముందు చదునుగా ఉన్నవి. కాగితానికి గుండ్రటి చిల్లు పడుతుంది, మార్కు లెక్క సులువు. విత్తనం కాయలు ఎంచినట్టు, వంకర పోయినవి పక్కన పెట్టాలి.

గురి ఎంత చిన్నదో చెప్పనా? పది మీటర్ల టార్గెట్‌లో పది మార్కుల చుక్క అర మిల్లీమీటరు. రాగి గింజ కంటే చిన్నది.

వేసవి సెలవుల్లో పాపని బెంగళూరు పిలిపించుకున్నాను. ఏమీ కొనలేదు. ఒక క్లబ్‌లో వాళ్ల రైఫిళ్లే అద్దెకి తీసుకుని రోజూ గంట. మొదటి వారం దానికి తుపాకి పేల్చనే లేదు, ఉత్త నిలబడటమే. "మామా, ఇది నిలబడే ఆటా?" అనింది. మూడో వారానికి తనే చెప్పింది, జర్మన్ రైఫిల్ బరువుగా ఉంది, ఈ పాత దేశీ రైఫిలే నా చెంపకి సరిపోతాంది అని. రేటు చూసి కాదు, చెంప చూసి ఎంచుకునింది. అదే మోడల్ సెకండ్ హ్యాండ్‌ది, సిలిండర్ గడువు తేదీ చూసుకుని, చేతి పంపుతో కలిపి తీసుకున్నాం. శెనక్కాయ డబ్బుల్లో సగానికి పైగా మిగిలింది. అది ఈ ఏడు విత్తనానికి పోయింది.

ఇక మిగిలింది మా అమ్మ. రైఫిల్ పెట్టె నేనే తీసుకుపోయాను. పెట్టె తెరిచి, సిలిండర్ విప్పి, గుండు చేతిలో పెట్టాను. చాలాసేపు చూసింది.

"ఇది మనిషిని చంపదా?"

అబద్ధం చెప్పలేదు. "దగ్గర్నుంచి కొడితే కన్ను పోతాది మా. ఎక్కడ తగలకూడదో అక్కడ తగిలితే ఇంకా ఘోరం. అందుకే తాళం."

"తాళంచెవి ఎవురి దగ్గర?"

"నీ దగ్గరే."

ఇప్పుడు బీరువా తాళంచెవి అమ్మ కొంగుకి ఉంది. పాప సాయంత్రం స్కూల్ నుంచి వచ్చి అడగాలి, అవ్వ తీసివ్వాలి, గంట తర్వాత మళ్లీ లోపల పెట్టించాలి. పిట్టల మీద, జింకల మీద ఎత్తితే ఆరోజుతో ఆఖరు. ఆ షరతు అమ్మదే, చట్టం కూడా అదే చెప్తుంది. సాధన చేసేది జేజినాయన కట్టించిన ఇంటి వసారాలో. అప్పుడు అమ్మ గడియకి అడ్డం కూర్చున్న తలుపు దానికి వెనకే ఉంది. పాప కొట్టేటప్పుడు ఆ తలుపు మూసే ఉండాలి, ఎవరూ అడ్డం రాకుండా. గడియ వేసేది కూడా అమ్మే.

పాప పెద్ద ఆటగత్తె అవుతుందో లేదో నాకు తెలీదు. మొన్న పది దెబ్బలు కొట్టి కాగితం ఫోటో పంపింది. పదీ కాగితం మీదే ఉన్నాయి. నాకంటే నయం.

మీ ఇళ్లలో కూడా పాత లైసెన్సు కాగితం ఏదో ఒక ట్రంకు పెట్టెలో ఉండొచ్చు. ఈ ఆదివారం ఇంట్లో పెద్దవాళ్లని అడగండి, ఆ తుపాకి ఎందుకొచ్చింది, ఎందుకు పోయింది అని. చెప్పేవాళ్లు ఉన్నప్పుడే వినండి. మళ్లీ కలుద్దాం, ఉంటాను.